‘జి’ విలువ 9.53 వచ్చింది, రీడింగులు మార్చేయాలా?

ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరింది. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఫిజిక్స్ ల్యాబ్‌లో లఘులోలకం ప్రయోగం, అంటే దారానికి గుండు కట్టి ఊపి, ఊగే కాలాన్ని బట్టి భూమి గురుత్వ త్వరణం ‘జి’ కట్టడం. ఇద్దరికొక స్టాండు. ఈ అమ్మాయీ, హైస్కూలు నుంచీ కలిసి చదువుతున్న స్నేహితురాలూ ఒక జట్టు. చీలిక కార్కు అడుగు నుంచి గుండుకున్న కొక్కెం దాకా దారాన్ని మీటరు స్కేలుతో కొలిచి 60, 70, 80, 90, 100 సెంటీమీటర్ల పొడవులు తీసుకున్నారు. ఒక్కో పొడవుకీ 20 డోలనాలకు పట్టే కాలాన్ని మూడేసి సార్లు స్టాప్‌వాచ్‌తో చూశారు. లెక్క వేస్తే ‘జి’ విలువ వరసగా 9.46, 9.51, 9.53, 9.57, 9.58 వచ్చింది. సగటు 9.53. పుస్తకంలో ఉన్నది 9.8.

స్నేహితురాలు ఆ సాయంత్రమే హాస్టల్లో కూర్చుని, 9.8 రావాలంటే కాలం ఎంత ఉండాలో వెనక నుంచి లెక్క కట్టి, ఆ అంకెలే రికార్డులో ఎక్కించేసింది. ఆమె పట్టికలో 9.80, 9.81, 9.80, 9.79, 9.80. ఈ అమ్మాయి మాత్రం వచ్చినవి వచ్చినట్టే రాసింది. రికార్డులు దిద్ది ఇచ్చేటప్పటికి స్నేహితురాలికి ‘గుడ్’ వచ్చింది. ఈమె పేజీలో 9.53 చుట్టూ ఎర్ర సిరా గీత, పక్కన ‘రాంగ్, రిపీట్’. పైగా సార్ క్లాసులో అందరి ముందూ, “ఒకే లోలకం, ఒకే వాచీ. ఆమెకి వచ్చింది నీకెందుకు రాలేదు?” అని అడిగారట. అసలు సంగతి చెబితే స్నేహితురాలు ఇరుక్కుంటుంది. అందుకని నోరు మెదపలేదు. క్లాసంతా నవ్వింది. ఎక్కడ చెప్పేస్తుందో అని ఆ స్నేహితురాలు అప్పటి నుంచీ ముభావంగా ఉంటోంది. ఇంట్లో చెబితే ఇంజినీరింగ్ చదువుతున్న అన్న, “ల్యాబ్ అంటే అంతేనే, అందరూ అడ్జస్ట్ చేస్తారు, నువ్వూ చేసెయ్” అన్నాడు.

చివర్లో మూడు ప్రశ్నలు అడిగింది. నా చేతిలోనే ఏదైనా లోపం ఉందా, డిగ్రీలో ఫిజిక్స్ తీసుకోవాలన్న ఆశ వదులుకోవాలా? ప్రాక్టికల్ పరీక్ష దగ్గరపడుతోంది, రికార్డు మీద సార్ సంతకం కావాలి, నేనూ అంకెలు మార్చేయాలా? స్నేహితురాలి విషయంలో ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం చివర మొత్తం పట్టిక రాసి పంపావు చూడు, అది చాలా మంచి పని. సలహా అడిగేవాళ్లు సాధారణంగా బాధ రాస్తారు, అంకెలు రాయరు. నువ్వు పంపిన అంకెల్లోనే నీ ప్రశ్నలకు సగం జవాబు ఉంది.

ముందు నీ చేతి సంగతి. 100 సెంటీమీటర్ల పొడవు దగ్గర నీ మూడు రీడింగులు 40.5, 40.7, 40.6 సెకన్లు. మీ స్టాప్‌వాచ్ లీస్ట్ కౌంటే, అంటే అది చూపగల అతి చిన్న కొలతే, 0.1 సెకను. కంటితో చూసి, బొటనవేలితో నొక్కే పనిలో సెకనులో పదో వంతు, ఒక్కోసారి రెండు పదో వంతులు అటూ ఇటూ కావడం ఎవరికైనా సహజం. ఫోన్‌లో సెకనులో నూరో వంతు చూపించే స్టాప్‌వాచ్ వాడినా సరే, ఆ చివరి అంకె నీ వేలికి అందదు. పరికరం ఎంత సన్నగా చూపించినా కొలత నాణ్యతను తేల్చేది మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా మోటుగా ఉన్న భాగమే, ఇక్కడ అది మనిషి వేలు. ఆ పరిమితిలో మూడు సార్లూ 0.1 తేడాతో కొలిచావంటే నీ చేయి స్థిరంగా ఉన్నట్టే. డిగ్రీలో ఫిజిక్స్ తీసుకోవద్దని చెప్పే అంకెలు ఇందులో ఒక్కటీ లేవు.

మరి 9.53 ఎందుకొచ్చింది? నీ కొలతలకు ఎంత దాకా తప్పే హక్కుందో ముందు చూద్దాం. 40.6 సెకన్లలో 0.1 అంటే పావు శాతం. ‘జి’ సూత్రంలో ఆవర్తన కాలం (ఒక్క డోలనానికి పట్టే కాలం) వర్గం రూపంలో వస్తుంది కాబట్టి ఆ పావు శాతం అర శాతమవుతుంది. పొడవులో ఒక మిల్లీమీటరు తప్పు పోయినా 100 సెంటీమీటర్లలో అది శాతంలో పదో వంతే. అన్నీ కలిపినా ‘జి’ మీద 0.05 అటూ ఇటూ పడాలి. నీకు తగ్గింది పావు, అంటే 0.25. చేతి వణుకుతో వచ్చే తప్పుకి ఇది అయిదింతలు. ఇంకో సంగతి, వేలి వల్ల వచ్చే తప్పు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది. నీ అయిదు విలువలూ ఒకే వైపుకి, తక్కువ వైపుకే పోయాయి. పాసంగం ఉన్న తక్కెడలో కూరగాయలు పదిసార్లు తూచినా పదిసార్లూ అదే తప్పు తూకం వస్తుంది, సగటు తీసినా నిజం బయటపడదు. మీ పాఠంలో క్రమ దోషం అని చదువుకున్నది ఇదే. సగటుతో పోయేది యాదృచ్ఛిక దోషం ఒక్కటే. అందుకే సార్ రాసిన ‘రిపీట్’ అన్న మాటను అదే పద్ధతిలో మళ్లీ చేయమని అర్థం చేసుకుంటే మళ్లీ 9.53 దగ్గరికే వస్తావు.

ఇప్పుడు దొంగ ఎవరో వెతకాలి. అనుమానించదగ్గవి నాలుగు.

డోలనాలు లెక్కపెట్టడంలో పొరపాటు చాలామందికి జరుగుతుంది. వాచీ నొక్కగానే ‘సున్నా’ అనకుండా ‘ఒకటి’ అంటే 20 అనుకున్నవి నిజానికి 19 అవుతాయి. అప్పుడు ‘జి’ తగ్గదు, పెరిగి 10.8 దాకా పోతుంది. నీది తగ్గింది కాబట్టి దీన్ని వదిలేయొచ్చు. గుండును మరీ పక్కకి లాగి వదిలినా ‘జి’ తగ్గుతుంది, కానీ పది డిగ్రీల కోణానికి కూడా ఆ తగ్గుదల 0.04 మించదు. పావు తగ్గాలంటే ఇరవై డిగ్రీలు దాటి లాగాలి, అంత లాగితే మీ సార్ చూస్తూ ఊరుకోరు. వాచీ వేగంగా నడిచినా తగ్గుతుంది. అయితే వాచీది గాని, కోణానిది గాని తప్పైతే అన్ని వరసల్లోనూ ఇంచుమించు ఒకేలా తగ్గాలి.

నీ వరసలు అలా లేవు. పైనుంచి కిందకి మళ్లీ చదువు: 9.46, 9.51, 9.53, 9.57, 9.58. పొడవు పెరిగే కొద్దీ ‘జి’ పెరుగుతోంది. భూమికి మీ దారం పొడవుతో పని లేదు. ఈ మెట్లు ఎక్కడం నీ ఉత్తరంలోని ఒక చిన్న మాటతో సరిపోతోంది. “గుండుకున్న కొక్కెం దాకా కొలిచాం” అని రాశావు. లోలకం పొడవంటే వేలాడదీసిన చోటి నుంచి గుండు మధ్య బిందువు దాకా. కొక్కెం ఎత్తూ, గుండు వ్యాసార్ధమూ మీ లెక్కలోకి రాలేదు. ఆ రెండూ కలిసి రెండు సెంటీమీటర్లు ఉన్నాయనుకో. 60 దగ్గర ఆ రెండు సెంటీమీటర్లు మూడు శాతం పైన, 100 దగ్గర రెండు శాతం. అందుకే చిన్న దారం దగ్గర ఎక్కువ దెబ్బ, పెద్ద దారం దగ్గర తక్కువ దెబ్బ తగిలింది.

అయిదు విలువలు వరసగా పెరగడం ఒక్కోసారి కాకతాళీయంగా కూడా జరగొచ్చు. కాబట్టి నా మాట పట్టుకుని ఊరుకోకు, నువ్వే గ్రాఫ్ గీసి చూడు. అడ్డంగా ఆవర్తన కాలం వర్గం, నిలువుగా నువ్వు కొలిచిన పొడవు తీసుకో. నీ కాలాలకు వర్గాలు కడితే 2.503, 2.907, 3.312, 3.711, 4.121 వచ్చాయి. ఒక్కో అడుగూ ఎంతెంత ఉందో చూడు: 0.404, 0.405, 0.399, 0.410. చేత్తో చేసిన ప్రయోగంలో ఇంతకన్నా తిన్నని గీత రాదు. ఆ గీత వాలును 4π²తో, అంటే 39.48తో గుణించు. మొదటి, చివరి బిందువులతో నేను లెక్కేస్తే 0.40 మీటర్లను 1.618తో భాగిస్తే 0.2472, దాన్ని 39.48తో గుణిస్తే 9.76.

నీ రీడింగులు ఒక్కటి కూడా మార్చకుండా 9.76 వచ్చింది! ప్రతి పొడవులోనూ ఒకే తప్పు ఉన్నప్పుడు గీత మొత్తం కిందకి జరుగుతుంది గానీ వాలు మారదు. అదే గీతను వెనక్కి పొడిగిస్తే పొడవు అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా దాదాపు మైనస్ 1.9 సెంటీమీటర్ల దగ్గర కోస్తుంది. నువ్వు కొలవడం మరిచిన ముక్క పొడవు అదన్నమాట. ల్యాబ్‌కి వెళ్లి వెర్నియర్ కాలిపర్స్‌తో గుండు వ్యాసం చూడు. రెండున్నర సెంటీమీటర్ల దగ్గర ఉండి, కొక్కెం ఇంకో అర సెంటీమీటరు పైచిలుకు ఉంటే కేసు తేలిపోయినట్టే. తేలకపోతే నా ఊహ తప్పు, అప్పుడు వాచీని అనుమానించు. దాన్నీ ఒక ఫోన్‌నీ ఒకేసారి నొక్కి అయిదు నిమిషాలు నడిపిస్తే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, వైవాలో అడిగినా అడుగుతారు. అయిదు వరసల సగటుగా వచ్చిన 9.53కి చేతి వల్ల తప్పు 0.05 మించదు. గ్రాఫ్ నుంచి వచ్చిన 9.76కి మాత్రం అది 0.1 దాకా ఉండొచ్చు, ఎందుకంటే రెండు పెద్ద అంకెల మధ్య తేడా తీసుకున్నాం. అంటే మొదటిది బిగువుగా ఉండి కూడా తప్పు, రెండోది కాస్త వదులుగా ఉన్నా నిజాన్ని తన పరిధిలో పట్టుకుంది. కొలతలు ఒకదానికొకటి దగ్గరగా రావడం వేరు, నిజానికి దగ్గరగా రావడం వేరు.

ఇక మీ క్లాసంతా మొక్కుతున్న ఆ 9.8. ‘జి’ అన్నిచోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. పుస్తకాల్లో కనిపించే 9.80665 అన్నది 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ వాడుక కోసం ఒప్పుకున్న ప్రామాణిక విలువ. 9.81 లండన్, పారిస్ వైపు దగ్గరగా ఉంటుంది. మన తెలుగు నేల మీద, హైదరాబాదైనా విజయవాడైనా, నిజమైన విలువ 9.78 చిల్లర. మీ లోలకానికి 9.78కీ 9.80కీ తేడా పట్టేంత శక్తి లేదు, కాబట్టి ఎవరికైనా 9.80 వస్తే తప్పని నేననను. కానీ అయిదు వరసల్లోనూ 9.80 పక్కనే వచ్చిందంటే అది మన ఊళ్లో కొలిచిన అంకె కాదు, పుస్తకంలో చూసిన అంకె.

ఈ తేడాను ప్రపంచం మొదట గమనించింది కూడా ఒక లోలకంతోనే. 1672లో జ్యాఁ రిషే అనే ఫ్రెంచి ఖగోళవేత్త దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయేన్‌కి వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకి దాదాపు రెండున్నర నిమిషాలు వెనకబడింది. సరిగ్గా నడవాలంటే లోలకాన్ని మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా కురచ చేయాల్సి వచ్చింది. ‘పారిస్ విలువే సరైనది, నాదే తప్పు’ అనుకుని అతను అంకె దిద్దేసుకుని ఉంటే? అతను చూసింది చూసినట్టు రాసుకొచ్చాడు. తర్వాత న్యూటన్ ఎండ వేడికి లోలకం కడ్డీ సాగిందేమో అన్న సందేహాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, వేడి వల్ల అంత తేడా రాదని తేల్చి, భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందన్న తన వాదానికి దాన్ని ఆధారం చేసుకున్నాడు. నువ్వు చేస్తున్న ప్రయోగం ఆ జాతిదే తల్లీ. చిన్నచూపు చూడకు.

పెద్ద పెద్దవాళ్లకీ పాసంగం తప్పలేదు. జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఏళ్ల తరబడి లోలకాలతో కొలిచి 1906లో ‘జి’ విలువ సెంటీమీటర్లలో 981.274 (మన లెక్కలో 9.81274) అని, తప్పుంటే 0.003 అటూ ఇటూ అని ప్రకటించారు. ప్రపంచమంతా గురుత్వ కొలతలను ఆ ఒక్క విలువకే ముడిపెట్టి నడిపించింది. తర్వాత వేరే పద్ధతుల్లో కొలిస్తే అది 0.014 ఎక్కువని తేలింది, 1971లో కొత్త ప్రమాణం వచ్చేదాకా పాతదే వాడుకలో ఉంది. వాళ్లు రాసుకున్న పరిధికి నాలుగైదింతలు బయట ఉంది నిజం. అయినా వాళ్లను ఎవరూ మోసగాళ్లని అనలేదు. ఎలా కొలిచారో మొత్తం రాసిపెట్టారు కాబట్టి తర్వాతి వాళ్లు తప్పు వెతికి పట్టుకోగలిగారు.

ఇప్పుడు నీ ముందున్న దారులు. ఏది ఎంచుకోవాలో నువ్వే తేల్చుకో, దేనికి ఏం ఖరీదో మాత్రం నేను చెబుతాను.

అన్న చెప్పినట్టు అంకెలు మార్చేయడం ఒకటి. సంతకం తొందరగా పడుతుంది, క్లాసులో మళ్లీ మాట పడవు. నీలాంటి పరిస్థితిలో చాలామంది ఆ పని చేస్తారన్నదీ నిజమే. ఖరీదు ఏమిటంటే, ప్రతి వరసలోనూ 0.01 తేడాతో ‘జి’ రావాలంటే 40 సెకన్లలో 0.02 సెకను దాకా సరిగ్గా కొలవాలి. 0.1 సెకను లీస్ట్ కౌంట్ ఉన్న వాచీతో, వేలితో నొక్కి, అది అయ్యే పని కాదు. అనుభవమున్న ఎక్స్‌టర్నల్‌కి (బయటి నుంచి వచ్చే పరీక్షకుడికి) ఆ పట్టిక చూడగానే తెలుస్తుంది. అడగకపోవచ్చు, అడిగితే మాత్రం జవాబు ఉండదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. నువ్వు 9.53ని చెరిపేసి ఉంటే ఆ మెట్లు నాకు కనిపించేవి కావు, కొక్కెం సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. తప్పు అంకెలోనే తప్పు ఎక్కడుందన్న సమాచారం దాగి ఉంటుంది. మన హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో ఎమ్మెస్సీలు చేసిన పిల్లలు వేలమంది క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ తప్పు పడిన రీడింగ్‌ని కొట్టేయాలన్నా అడ్డంగా ఒక్క గీత గీసి, కింద అంకె కనపడేలా వదిలి, కారణం రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. అంకె మార్చితే ఉద్యోగం పోతుంది, ఎందుకంటే ఆ అంకె వెనక ఎవరో మింగబోయే మాత్ర ఉంటుంది.

9.53నే ఉంచి, కింద ‘ప్రయోగ దోషాల వల్ల తేడా వచ్చింది’ అని ఒక వాక్యం రాసి ఊరుకోవడం ఇంకో దారి. నిజాయితీకి లోటు లేదు. కానీ ఆ వాక్యంలో సరుకు లేదు. ఏ దోషం, ఎంత, ఏ వైపుకి అన్న మూడింటికీ జవాబు లేకపోతే సార్ ఎర్ర గీత ఎర్ర గీతగానే ఉంటుంది. ఆయన కోపాన్ని పూర్తిగా తప్పుపట్టలేను కూడా. తప్పు ఎక్కడుందో వెతకమనే ‘రిపీట్’ రాసి ఉండొచ్చు.

మూడోది, పాత రీడింగులు అలాగే ఉంచి గ్రాఫ్ గీయడం, గుండు వ్యాసం కొలిచి రాయడం, అయిదు పొడవులకీ ఆ ముక్క కలిపి ‘జి’ మళ్లీ కట్టడం. ఒక పూట పని. కాలిపర్స్ తీసుకున్నప్పుడు ముందు దవడలు మూసి జీరో ఎర్రర్ (మూసినప్పుడు సున్నా చూపిస్తోందో లేదో) చూసుకో, లేకపోతే ఒక తప్పు దిద్దబోయి ఇంకో తప్పు చేర్చినట్టవుతుంది. రికార్డులో రెండు పట్టికలు పడతాయి, పేజీ నీటుగా కనిపించదు. కొందరు సార్లకు అది నచ్చదు. ఈ దారిలో నువ్వు భరించాల్సింది అదే.

నాలుగోది, ప్రయోగం మొదటి నుంచీ మళ్లీ చేయడం. ల్యాబ్ ఖాళీ దొరకాలి, అటెండర్‌ని బతిమాలాలి, ఇంకో సబ్జెక్టుకి పెట్టాల్సిన సమయం పోతుంది. చేయగలిగితే మాత్రం పరీక్షకి ఇంతకన్నా మంచి సాధన లేదు. గుండు వేలాడుతున్నప్పుడే దారం కొలువు, బరువుకి అది కొంచెం సాగుతుంది. వెనక గోడ మీద లోలకం నిలిచే చోట సుద్దతో ఒక గీత గీసి, గుండు ఆ గీత దాటేటప్పుడే వాచీ నొక్కు. అక్కడ అది వేగంగా ఉంటుంది కాబట్టి ఎప్పుడు దాటిందో కంటికి స్పష్టంగా తెలుస్తుంది, చివర్లలో అయితే ఆగి ఆగి తిరుగుతుంది. 100 సెంటీమీటర్ల దారాన్ని ఏడెనిమిది సెంటీమీటర్లకు మించి పక్కకి లాగకు. ‘సున్నా’తో లెక్క మొదలుపెట్టు. 20 బదులు 50 డోలనాలు తీసుకో. వేలి తప్పు అదే 0.1 సెకను, కానీ ఇప్పుడది వంద సెకన్లలో పంచబడుతుంది. కొత్త వాచీ కొనకుండానే కొలత రెండున్నర రెట్లు బాగుపడుతుంది.

మళ్లీ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఎన్ని పొడవులు, ఎన్ని సార్లు అన్నది ముందే రాసుకో. 9.8 వచ్చేదాకా చేస్తూ పోయి, రాగానే ఆపేయడం కూడా అంకె మార్చడానికి దగ్గరి చుట్టమే. అమెరికా శాస్త్రవేత్త మిల్లికన్ నూనె చుక్కలతో ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచినప్పుడు గాలి స్నిగ్ధతకు వాడిన విలువ తేడాగా ఉండటంతో ఆయనకి అర శాతం పైచిలుకు తక్కువ వచ్చింది. ఆ తర్వాత కొలిచినవాళ్ల విలువలు ఒక్కసారిగా సరైన చోటికి పోకుండా మెల్లమెల్లగా పైకి జరిగాయని భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1974లో ఒక ప్రసంగంలో చెప్పాడు. కారణం కూడా ఆయనే చెప్పాడు. మిల్లికన్ విలువకు దూరంగా వస్తే ఎక్కడ తప్పు చేశామా అని తెగ వెతికారు, దగ్గరగా వస్తే వెతకలేదు. దురుద్దేశం లేనివాళ్లకే అలా జరిగింది.

నన్ను అడిగితే మూడోది వెంటనే చేసి, కుదిరితే నాలుగోది కూడా చేయమంటాను. సార్ దగ్గరికి వెళ్లినప్పుడు స్నేహితురాలి ఊసు తేకు, నీ మీద పడిన నవ్వుల ఊసూ తేకు. పట్టికా గ్రాఫూ పట్టుకుని వెళ్లి, “సార్, నా రీడింగుల్లో పొడవు పెరిగే కొద్దీ జి పెరుగుతోంది. గ్రాఫ్ వాలుతో కడితే 9.76 వస్తోంది. పొడవు కొక్కెం దాకే కొలిచాం సార్. గుండు కొలిచి సరిచేస్తాను, ఒకసారి చూస్తారా?” అని అడుగు. వారంలో ఎన్ని బ్యాచ్‌ల రికార్డులు దిద్దుతారో ఆలోచించు, నీ పేజీ మీద ఆయన అర నిమిషం కూడా పెట్టి ఉండరు. లోలకం గురించి ఒక విద్యార్థి ఇలా అడిగితే చాలామంది టీచర్ల ముఖం వెలిగిపోతుంది.

అలా జరగకపోతే? “అవన్నీ వద్దు, 9.8 రాసి తీసుకురా” అంటే అప్పుడు నిజంగా కష్టం. సంతకం ఆయన చేతిలో ఉంది, నీ వయసుకి ఆయనతో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. అప్పటికీ మధ్య దారి ఒకటుంది. కొత్తగా చేసిన ప్రయోగం తాలూకు నిజమైన రీడింగులతో రికార్డు రాస్తే నీ ‘జి’ 9.7కీ 9.9కీ మధ్య ఎక్కడో పడుతుంది. ‘9.8’ అని గుండ్రంగా రాయడం అప్పుడు అబద్ధం కాదు, నీ కొలతకు అంతకన్నా చివరి అంకె రాసే అర్హత కూడా లేదు. పాత రీడింగులున్న రఫ్ అబ్జర్వేషన్ బుక్ మాత్రం తేదీతో సహా దాచుకో. అదీ ఒప్పుకోకపోతే ఒకటి రెండు మార్కులు పోతాయేమో. ఇంట్లో కూర్చుని ఆ మార్కులు నీకెంత అవసరమో నువ్వే తూచుకోవాలి, ఆ తూకం నా చేతిలో లేదు.

పరీక్ష రోజున 9.6 వచ్చినా కంగారు పడకు. ఎంత వచ్చిందో రాసి, ఎంత తప్పుకి అవకాశముందో పక్కన రాసి, అది ఏ కొలత నుంచి వచ్చిందో ఒక వాక్యం రాయి. ఎక్స్‌టర్నల్ “ఎందుకు తక్కువొచ్చింది?” అంటే పైన మనం వెతికిన వరసలోనే చెప్పు: లెక్కపెట్టడంలో తప్పైతే పెరగాలి, వాచీ తప్పైతే అన్ని వరసల్లోనూ సమానంగా ఉండాలి, పొడవు తప్పైతే చిన్న దారం దగ్గర ఎక్కువ కనపడాలి. ఆ మాటలు చెప్పగలిగిన పిల్లకి మార్కులు తగ్గించడానికి చేతులు రావు.

స్నేహితురాలి గురించి. ఆమె చేసింది తప్పే, కానీ అది నువ్వు సార్‌కి మోసుకెళ్లాల్సిన తప్పు కాదు. ఆమె భయపడుతోంది, నీ మీద కోపంతో కాదు దూరంగా ఉంటున్నది. “నేను ఎవరికీ చెప్పను” అన్న ఒక్క మాట నువ్వే ముందు చెప్పెయ్, ఆ బరువు దిగితే మిగతాది మాట్లాడుకోవచ్చు. నీతులు చెప్పొద్దు. గ్రాఫ్ చూపించు. ఆ రీడింగులు మీ ఇద్దరివీ, తను లెక్కపెట్టినవీ నువ్వు వాచీ నొక్కినవీ. వాటిలో తప్పు లేదని తెలిస్తే తనకీ సంతోషంగానే ఉంటుంది. మళ్లీ చేసే రోజున ఆమెనే జట్టుకి పిలువు. ఈసారి వాచీ ఆమెకివ్వు, లెక్క నువ్వు పెట్టు. సగం రీడింగులయ్యాక మార్చుకోండి, అప్పుడు ఎవరి వేలు ఎంత ఆలస్యమో కూడా పట్టికలో కనపడుతుంది. ఆమె రానంటే చెల్లెలినో తమ్ముడినో కూర్చోబెట్టుకుని ఇంట్లో తలుపు గొళ్లేనికి దారం కట్టి చెయ్యి. గుండు లేకపోతే బరువైన నట్టు కట్టినా చాలు. నట్టు మధ్య దాకా పొడవు సరిగ్గా తెలియకపోయినా గ్రాఫ్ వాలు పద్ధతిలో నష్టం లేదని ఇప్పుడు నీకు తెలుసు.